పాతజీవితం లేని శాంతరాజు

చిత్తూరు నుంచి ఐరాల పోయే దారిలో గోడలు చదువుకుంటూ నడిస్తే చాలు, ఈ కాలపు మనుషులకు ఏమి కావాలో తెలిసిపోతుంది. ఒక గోడ మీద మోకాళ్ల నొప్పికి నూనె. ఇంకో గోడ మీద కాలేజీ ర్యాంకులు. ఆ పక్కనే క్రైస్తవ ఉజ్జీవ కూటాల పోస్టరు. నడుమ ప్రసంగీకుల పెద్ద పెద్ద ముఖాలు, కింద మూలన, దేవుడు తమను ఎలా మార్చాడో సాక్ష్యం చెప్పేవాళ్ల చిన్న బొమ్మలు: 'ఒకప్పటి దారిదోపిడీ దొంగ', 'ఒకప్పటి సారా వ్యాపారి', 'ఒకప్పటి మంత్రగాడు'. అందరివీ ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కాలే. డాక్టరుకు డిగ్రీ ఎంతో ఈ వేదికకు పాత పాపం అంత. అది లేనివాడు మైకు ముట్టుకోవడానికి పనికిరాడు.

ఒక్క క్రైస్తవులనే అంటే అన్యాయమవుతుంది. నేను తిరిగిన ఊళ్లన్నింట్లో, చదివిన భక్తుల చరిత్రలన్నింట్లో ఇదే తంతు. ముందు దొంగో, విటుడో, హంతకుడో కానివాడికి మోక్షం దగ్గర కూడా వెనక వరసే. పుట్టినప్పటి నుంచీ తన పని తాను చేసుకుంటూ, ఒకరికి చెడుపు చేయకుండా బతికినవాడి కథ ఎవడూ రాయలేదు. రాసి ఉంటే ఎవడూ కొనలేదు. పాపం మీద మనుషులకున్నంత ఆసక్తి పుణ్యం మీద లేదు. మారుమనస్సు అనే పేరు తగిలిస్తే పాపాన్ని పిల్లాపాపలతో సహా కూర్చుని వినవచ్చు.

అలా వినిపించాలని ఆశపడిన ఒక మనిషి నాకు తెలుసు. పేరు శాంతరాజు. ఐరాల దగ్గర ఒక పల్లెలో, మునిచంద్ర అనే రైతు బెల్లం కొట్టంలో పెనం దగ్గర పనిచేసేవాడు. చెరకు రసం పెద్ద ఇనుప పెనంలో పోసి, కింద ఎండిన పిప్పితో మంట పెట్టి, తెట్టు తీస్తూ పాకం వచ్చేదాకా కాచే పని అది. మంట వేయడానికి ఎవడైనా పనికొస్తాడు. పాకం ఎప్పుడు దించాలో చెప్పేవాడు మాత్రం నాలుగూళ్లకు ఒకడుంటాడు. ఒక్క నిమిషం ముందు దించితే అచ్చు నిలవదు, ఒక్క నిమిషం ఆలస్యమైతే మాడు వాసన. మిగతావాళ్లు చన్నీళ్లలో చుక్క వేసి, వేళ్లతో ఉండ చేసి చూసుకునేవాళ్లు. శాంతరాజు ముక్కుతోనే చెప్పేవాడు. గానుగ మోతను దాటి వినబడేలా "దించండప్పా!" అని ఒక్క కేక వేసేవాడు. ముప్ఫై ఏళ్లలో ఆ కేక తప్పలేదని మునిచంద్రే నాతో అన్నాడు.

బెల్లం తెల్లగా రావడానికి ఈ మధ్య ఏదో పొడి కలుపుతున్నారు. మునిచంద్ర రెండో పెనంలో కలుపుతాడు. శాంతరాజు తన పెనం దగ్గరికి ఆ డబ్బాను రానిచ్చేవాడు కాదు. అతని బెల్లం ముదురు రంగులో ఉండేది. చిత్తూరు మండీలో దాన్ని వెతికి కొనేవాళ్లు. నేను కూడా ఏటా ఆ దారిన పోయేది దానికోసమే. అరిటాకు ముక్క మీద వేడిపాకం పోసి ఇచ్చి, "ఊదుకోని తినండి పెద్దాయనా, నాలిక కాలతాది" అనేవాడు.

మనిషి ఎంత చప్పనివాడంటే, తాగడు, పొగాకు ముట్టడు, పెళ్లాం అమలను 'మే' అని పిలవడం తప్ప పల్లెత్తు మాట అనడు. ఊరి చివర రేకుల గుడిలో ఆదివారం గంట కొట్టి మూడో వరసలో కూర్చుంటాడు. పదేళ్ల వయసులో కోత పండుగకు కానుకగా పెట్టిన జామకాయను ప్రార్థన కాకముందే కొరికాడట. నాకు తెలిసి అతని పాపాల చిట్టా అంతే. ఆ గుడి ముసలి ఉపదేశి ఎప్పుడూ ఒకే బోధ చేసేవాడు: నెమ్మదిగా బతకడమే మీ పెద్ద ఆశగా పెట్టుకోండి, ఎవరి పని వాళ్లు చేతులారా చేసుకోండి, ఇంకొకరి జోలికి పోకండి. తొలినాటి సంఘాలకు ఈ సలహా రాసి పంపిన అపొస్తలుడు గుడారాలు కుట్టి పొట్ట పోసుకున్నవాడు. నేను చదివిన గోడల్లో ఆయన సలహా ఒక్క గోడ మీదా కనబడలేదు. దానికి జనం రారు.

మూడేళ్ల కింద సంక్రాంతి దాటాక, నేను అక్కడున్న రోజే, తిరుపతి నుంచి బ్రదర్ సుందరరాజు అనే ఆయన వేడిబెల్లం తినడానికి ఆ కొట్టానికి వచ్చాడు. కూటాలు పెట్టించడం ఆయన వృత్తి. టెంటు, మైకు, భోజనాలు, ప్రసంగీకులు, సాక్ష్యాలు అన్నీ ఆయన చేతి మీదే నడుస్తాయి. శాంతరాజు కేక విని, పాకం మరిచిపోయి లేచి నిలబడ్డాడు.

"అన్నా, ఈ గొంతును పెనం ముందర పెట్టుకోని ఏం జేస్తా ఉండావు? దేవుడు వాడుకోవాల్సిన గొంతు ఇది."

"నాకేం తెలుసు బ్రదర్? బెల్లం కాచేటోణ్ణి."

"చేపలు పట్టేటోళ్లను పిలవలేదా ఆయన? పుత్తూరులో కూటం ఉండాది. వచ్చి సాక్ష్యం చెప్పు."

ఆ మాటకు శాంతరాజు కళ్లలో వెలిగిన వెలుగును నేను చూశాను. దాన్ని భక్తి అనుకునేంత చిన్నవాణ్ణి కాదు. యాభై రెండేళ్లు మూడో వరసలో కూర్చున్నవాడికి మొదటి వరస కనబడింది, అంతే.

పుత్తూరులో అతని సాక్ష్యం మూడు నిమిషాలు సాగింది. మా అమ్మ నన్ను గుడికి తీసుకుపోయింది, నేను బెల్లం కాస్తాను, ప్రభువు నన్ను కాపాడుతూ వచ్చాడు, వందనాలు. వెనక వరసలో ఎవరో ఆవలించారు. ఒకామె మంచినీళ్లకు లేచింది. అతని తరువాత మైకు అందుకున్నది ఒకప్పటి ఇనుప దొంగ. ముప్పావుగంట చెప్పాడు, జనం గుక్కపెట్టి ఏడ్చారు. భోజనాల దగ్గర దొంగకు ప్రసంగీకుల పక్కన ఆకు వేశారు. శాంతరాజును టెంటు గుంజలు పీకేవాళ్ల పంక్తిలో కూర్చోబెట్టారు.

"నీకు పాతజీవితం లేదన్నా," అన్నాడు సుందరరాజు, చెయ్యి కడుక్కుంటూ. "పాతజీవితం సూపించకుండా కొత్తజీవితం ఎట్లా సూపిస్తావు?"

"ఏం జేసేది బ్రదర్? తప్పు పని చెయ్యలేదే!"

"బాగా గుర్తుకు తెచ్చుకో. పాపం లేని మనిషి ఉంటాడా?"

శాంతరాజు గుర్తుకు తెచ్చుకోవడం మొదలుపెట్టాడు. ఆ ఏడాది చేసిన పని అదొక్కటే. శ్రీకాళహస్తిలో జామకాయ కథ చెప్పి చూశాడు, జనం నవ్వారు. తరువాతి కూటంలో తాగుడు గుర్తుకు వచ్చింది. ఆ పై కూటంలో తాగి పడిపోయిన మురుగుకాలువ గుర్తుకు వచ్చింది, కాలువలో పంది కూడా. ఏడుపులు మొదలయ్యాయి. టెంటు పంక్తి నుంచి పెద్ద పంక్తికి మారాడు. అబద్ధాలు చెప్పేవాళ్లను నేను చాలామందిని చూశాను. రాజకీయాల్లోవాళ్లు తమ మంచితనం గురించి చెబుతారు, పెళ్లిళ్ల పేరయ్యలు ఎదుటివాళ్ల మంచితనం గురించి చెబుతారు. తన చెడ్డతనం గురించి ఇంత కష్టపడి అబద్ధమాడినవాణ్ణి ఇతన్నే చూశాను. మురికి లేని చొక్కాకు మురికి పూసుకుని, జనం ముందు ఉతికి ఆరేసి చూపించడం! ఆ ఉతుకుడికి చప్పట్లు కొట్టిన జనాన్ని కూడా ఏమనాలో నాకు తెలియదు.

ఒకరోజు అడిగాను. "ఏమయ్యా, ఎప్పుడు తాగావు నువ్వు?"

తల గీరుకున్నాడు. "తాగలేదు పెద్దాయనా. కానీ మనసులో అనుకున్నా తాగినట్టే అంట గదా, బైబిలు వాక్యంలో."

"మనసులోనైనా అనుకున్నావా?"

నిజాయితీగా ఆలోచించాడు. "లేదు. ఆ వాసన నాకు పడదు."

చిత్తూరు కూటానికి అమలను వెంటబెట్టుకుపోయాడు. భర్త పేరు పోస్టరు మీద పడిందని ఆమె కొత్తచీర కట్టుకుంది. మైకు పట్టుకుని అతను ఇలా గర్జించాడు: "తాగొచ్చి నా పెళ్లాన్ని గొడ్డును బాదినట్టు బాదినాను! ముందర పళ్లు రెండు రాలగొట్టినాను! ఇదో, ఈడనే కూసోనుండాది నా అమల!"

జనమంతా వెనక్కి తిరిగి చూశారు. అమలకు పైపళ్లు రెండు లేని మాట నిజమే. పుచ్చిపోతే చిత్తూరులోనే పీకించుకుంది. పీకేటప్పుడు చూడలేక బయటికి పోయి ఏడ్చినవాడు శాంతరాజు. ఆ సంగతి మైకులో రాలేదు.

కూటం ముగిశాక ఆడవాళ్లు ఆమె చుట్టూ మూగారు.

"ఏదీ, నోరు తెరువు మ్మా."

"అయ్యో, పైపళ్లే! ఎంత కొట్టినాడో సూడండి!"

"ఆయప్ప కొట్టలేదక్కా. పుచ్చిపోతే నేనే పీకించుకున్నా."

"సూసినారా, ఇంకా మొగుణ్ణే కాపాడుకుంటా ఉండాది. ఎంత ఓర్పు పెట్టినాడమ్మా ప్రభువు నీకు!"

తిరుగు బస్సులో వచ్చి ఐరాల స్టాపులో దిగాక అమల అడిగింది. "నేనెప్పుడు నీ చేత తన్నులు తిన్నానయ్యా?"

"ఊరికే అన్నాను మే. ఆత్మల రక్షణ కోసం."

"ఆత్మల కోసమైతే నీ పళ్లు రాలగొట్టుకోపో. నావెందుకు?"

ఈ మాటలు అమలే నాకు చెప్పింది. చెప్పేటప్పుడు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇరవై ఐదేళ్ల కాపురంలో అంతకుముందు ఆమెకు అలా అడ్డం పెట్టుకోవాల్సిన అవసరం రాలేదు.

అక్కడితో ఆగినా బతికిపోయేవాడు. పెళ్లాన్ని కొట్టినవాళ్లకు కూటాల్లో కొదవ లేదు. రేణిగుంటనుంచి ఒకడు బయలుదేరాడు, ముగ్గురు పెళ్లాలను కొట్టినవాడు. ఇక సొంత సరుకు కావాలి. అప్పుడు శాంతరాజుకు తన వృత్తే గుర్తుకు వచ్చింది. కూటాల్లో బెల్లం కాచేవాడు ఇంకొకడు లేడు. మరుసటి కూటంలో పెనంలో పొడి కలిపానన్నాడు, చక్కెర కలిపానన్నాడు. ఊపు వచ్చింది. "పెనంలో ఎలుక పడి సచ్చింది! దాన్ని తీసి పారేసి, అదే పాకం అచ్చు పోసినాను! ఎంతమంది బిడ్డలు తిన్నారో నా పాపం!" జనం "ఓ ప్రభువా" అని మూలిగారు. పోస్టరు మీద బొమ్మ పెద్దదైంది. కింద 'ఒకప్పటి కల్తీ బెల్లం రాజు' అని వేశారు.

ఈ ఒక్క తప్పు ఇలాంటివాడే చేయగలడు. నిజమైన దొంగ, తాను దొంగతనం చేసిన ఇంటి అడ్రసు చెప్పడు. శాంతరాజు చెప్పని పాపం లేదు, దాచిన అడ్రసు లేదు. కొట్టం పేరు, ఊరి పేరు, మునిచంద్ర పేరు అన్నీ చెప్పేశాడు. జరగనిదాన్ని దాచుకోవాలని అతనికెలా తోస్తుంది?

ఎవరో ఫోనులో పట్టిన ఆ వీడియో పది రోజుల్లో చిత్తూరు మండీకి చేరింది. ఆ వారం మునిచంద్ర పంపిన బెల్లం దిమ్మెలు దిగకుండానే తిరిగివచ్చాయి. మునిచంద్ర పెనం దగ్గరికి వచ్చి ఫోను ముందుకు పెట్టాడు.

"ఏమప్పా శాంతరాజూ, నా పెనంలో ఎలుక ఎప్పుడు పడింది?"

"పడ్లేదయ్యా."

"మరి మైకులో సెప్తివే?"

"అది... సాక్ష్యంలో వచ్చేసిందయ్యా."

"సాక్ష్యంలో ఎలుకలు పుడతాయా? పొడి గూడా నువ్వే కలిపితివంటనే!"

పొడి ఎవరు కలుపుతారో మునిచంద్రకు తెలుసు, పక్కనున్న రెండో పెనానికి తెలుసు. ఇప్పుడు దాని పాపం కూడా ఒప్పుకునే మనిషి దొరికాడు. కల్తీ చేసినవాడు పెద్దమనిషిగా నిలబడి, చేయనివాడు తల వంచుకున్న ఆ సన్నివేశంలో ఎవరిని ఎక్కువ అసహ్యించుకోవాలో నేను ఇంకా తేల్చుకోలేదు.

కానీ మునిచంద్ర వ్యాపారం తెలిసినవాడు, అలాంటి చెయ్యిని ఊరికే వదులుకోడు. "సరే. వచ్చే ఆదివారం తిరుపతిలో నీ కూటం ఉండాది గదా. అదే మైకులో అబద్ధమని సెప్పు. ఆ వీడియో మండీకి పంపిస్తా. సోమవారం నుంచి పెనం నీదే. సెప్పలేదా, ఇంకొకణ్ణి చూసుకుంటా."

ఇంతకన్నా తేటగా ఏ మనిషికీ ఎవరూ దారి చూపరు. ఒక పక్క ముప్ఫై ఏళ్ల పెనం. ఇంకో పక్క తిరుపతి కూటంలో, పోస్టరు నడుమ అచ్చయిన బొమ్మ. అమల ఆ వారమంతా ఒకటే మాట చెప్పింది: "సెప్పేసెయ్యి. ఒక్క మాట. మన పెనం మనకుంటాది."

చెబుదామనే పోయాడట. వేదిక ఎక్కాడు, మైకు పట్టుకున్నాడు. ఎదురుగా ఐదారు వేల తలలు, పెద్ద తెర మీద తన ముఖం. "ఆ తెర మీద నా నోరు పెనమంత ఉండింది పెద్దాయనా," అన్నాడు నాతో తరువాత. అంత నోటిలోంచి అంత చిన్న నిజం ఎలా రాల్చడం? ఎలుక ఒకటి కాదు, మూడని చెప్పి దిగాడు.

సోమవారం కొట్టానికి పోతే పెనం దగ్గర వేరే మనిషి ఉన్నాడు. పొడి డబ్బా అతని పక్కనే ఉంది.

ఆ పై ఆదివారం ఊళ్లో రేకుల గుడిలో లేచి నిలబడ్డాడు. ఈసారి మైకు లేదు. "నేను తాగలేదు. అమలను కొట్టలేదు. ఎలుక పడ్లేదు, పొడి కలపలేదు. అన్నీ కల్పించి సెప్పినాను."

గుడిలో ఉన్న పాతికమందీ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇన్నాళ్లు నమ్మి ఏడ్చినవాళ్లు ఆ కన్నీళ్లను ఎక్కడ పెట్టుకోవాలి? సంఘపెద్ద లేచి, "తమ్ముడు గర్వంలో పడినాడు, తన పాపాలే లేవంటా ఉండాడు. అందరం ప్రార్థన చేద్దాం" అన్నాడు. చేశారు. పాపినన్నప్పుడు నమ్మినవాళ్లు మంచివాడినంటే నమ్మలేదు. ముసలి ఉపదేశి ఒక్కడే కళ్లు మూసుకోకుండా శాంతరాజును చూస్తూ కూర్చున్నాడట. ఆయన కూడా నోరు విప్పలేదు. నెమ్మదిగా బతకమని బోధించేవాళ్లు నోరు విప్పాల్సినచోట కూడా నెమ్మదిగానే ఉంటారు, అదొక జబ్బు.

రెండు రోజులకు సుందరరాజు ఫోను చేశాడు. తిడతాడనుకున్నాడు శాంతరాజు.

"అన్నా! గుడిలో ఒప్పుకున్నావంటనే! ప్రభువుకే మహిమ! ఇప్పుడు దొరికిందన్నా నీకు అసలైన పాపం. అబద్ధ సాక్ష్యం! పది ఆజ్ఞల్లోనే ఉండాది. ఇట్లాంటోడు మన కూటాల్లో ఇంకొకడు లేడు. మదనపల్లెలో పెడతా ఉండాం, గంట టైము నీకే. పోస్టరు మీద 'ఒకప్పటి అబద్ధ సాక్షి' అని వేద్దామా?"

సుందరరాజును ఎంత తిట్టుకున్నా ఈ బుర్రకు మాత్రం దండం పెట్టాలి. చచ్చిన ఎలుకను కూడా అచ్చు పోయగలడు.

శాంతరాజు ఫోనును చెవికి ఇంకా గట్టిగా నొక్కుకున్నాడు. మొదటిసారి అతనికి నిజమైన పాతజీవితం ఉంది. ఒక్క అక్షరం కల్పించక్కరలేదు. గంట టైము! "ఎప్పుడు బ్రదర్?" అనేశాడు కూడా. అమల వచ్చి ఫోను లాక్కుంది.

"బ్రదరూ, ఆయప్ప రాడు. వస్తే నేనూ వస్తా. ఆయన పక్కనే నిలబడి, ఈ పళ్లు ఎట్లా పోయినాయో, ఆ మాట ఎవరు నేర్పించినారో నేనూ సాక్ష్యం సెప్తా. మీ పేరు, మీ ఇంటి పేరుతో సహా సెప్తా. నాకెంత టైము ఇస్తారు?"

అవతల ఫోను పెట్టేశారు.

ఐరాల చుట్టుపక్కల కొట్టాలేవీ 'ఎలుక శాంతరాజు'ను పెనం దగ్గరికి రానివ్వలేదు. మొన్న ఫిబ్రవరిలో పుత్తూరు అవతల ఒక పల్లెలో కనబడ్డాడు. అక్కడి కొట్టంలో పిప్పి ఎండబెట్టి పొయ్యిలో ఎగదోసే పని అతనిది. పొగకు కళ్లు ఎర్రగా ఉన్నాయి. పెనం దగ్గర గోవిందస్వామి అనే ఆయన ఉన్నాడు. నీళ్ల చెంబులో చుక్కలు వేసుకుంటూ, వేళ్లు కాల్చుకుంటూ పాకం చూస్తున్నాడు. అన్నం క్యారియరు తెచ్చిన అమల గోడ నీడన కూర్చుని ఉంది. నేను వేడిబెల్లం కోసం అరిటాకు పట్టుకుని నిలబడ్డాను.

పొయ్యి ముందర వంగి ఉన్న శాంతరాజు ఉన్నట్టుండి తల ఎత్తాడు. ముక్కు పుటాలు కదిలాయి. గోవిందస్వామి ఇంకా చెంబులో నీళ్లు మారుస్తున్నాడు. శాంతరాజు చేతిలోని పిప్పి కింద పడేశాడు.

"దించప్పా."

కేక కాదు, మామూలు మాట. గోవిందస్వామి చిరాగ్గా చూశాడు. తరువాత ఒక చుక్క నీళ్లలో వేసి, ఉండ చేసి, ఉలిక్కిపడి మనుషులను పిలిచాడు. పెనం దింపారు. బెల్లం ముదురు రంగులో, మచ్చ లేకుండా వచ్చింది.

"యాడ నేర్చుకుంటివప్పా ఇది?" అని అడిగాడు గోవిందస్వామి, చెమట తుడుచుకుంటూ. చుట్టూ నలుగురైదుగురు పనివాళ్లు ఆగి చూస్తున్నారు.

శాంతరాజు నడుం నిలబెట్టాడు. ఛాతీ పొంగింది. ఆ ఊపిరి నాకు తెలుసు, మైకు ముందర పీల్చే ఊపిరి అది. ఐదుగురు దొరికితే చాలు ఈ మనిషికి! ఇక మొదలుపెడతాడని నేను అరిటాకు కింద పెట్టేశాను. గోడ నీడన అమల క్యారియరు మూత తీసి, అతని వైపే చూస్తూ ఉంది. నోటికి కొంగు అడ్డం లేదు.

అతను ఆమెను చూశాడు. పీల్చిన ఊపిరి మెల్లగా వదిలేశాడు.

"సూసి నేర్చుకున్నానబ్బా," అని, కింద పడిన పిప్పి ఏరుకోవడానికి వంగాడు.

"అయితే రేపటి నుంచి ఈడ, నా పక్కన నిలబడు," అన్నాడు గోవిందస్వామి.